పెరట్లో తబిత

గవరపాలెం, అనకాపల్లి
14 జులై 2003

తమ్ముడు శాంతికుమార్‌కు,

ప్రభువు కృప నీకు తోడుగా ఉండాలని అడుగుతూ అక్క రాసేది. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, బూత్‌లో నా వెనక నిలబడ్డవాళ్ళంతా చెవులు నావైపే పెడతారు. అందుకని ఉత్తరం.

మీ బావని విశాఖ పెద్దాసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి ఇరవై రోజులైంది. జ్వరం మెదడుకెక్కిన మనిషి ఇలా లేచి తిరగడమే గొప్ప అన్నారు డాక్టర్లు. అన్నం తింటున్నారు. నిద్రపోతున్నారు. బ్రష్షు పట్టుకుంటే చెయ్యి వణకడం లేదు. కిరాణా కొట్టు బోర్డు స్కేలు పెట్టకుండా రాసేశారు. అక్షరాలు ఎప్పటిలాగే ముత్యాలు. ఇంకేం, పని మళ్ళీ దారిలో పడిందనుకున్నాను.

గురువారం మా వీధి చివర చిన్నపిల్లల బడి వాళ్ళు పిలిచారు. ఆ గోడమీద జంతువుల బొమ్మలు ఆరేళ్ళ కిందట ఆయన వేసినవే. వెలిసిపోయాయని సున్నం కొట్టించి, మళ్ళీ వెయ్యమని పేర్ల చీటీ చేతికిచ్చారు. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వెళ్ళాను. గోడ పొడుగునా పన్నెండు బొమ్మలు. శాంతీ, ఆ పన్నెండూ ఒక్కటే. నాలుగు కాళ్ళు, తోక, రెండు చెవులు, గుండ్రటి కళ్ళు. ఏనుగుకి తొండం లేదు. ఒంటెకి మూపురం లేదు. పులికి చారలు లేవు. కోడికి నాలుగు కాళ్ళున్నాయి. కింద పేర్లు మాత్రం తప్పు లేకుండా రాశారు. పన్నెండూ గోడలోంచి మనవైపే చూస్తున్నట్టున్నాయి. ఒక చంటిది టీచరు చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకుని ఏడుస్తోంది.

"ఇదేటండీ సురేష్ బాబు గారూ, ఏనుగేదండీ?" అంది టీచరు.

"ఇదిగోనండి, రాసేను కదా," అని పేరు చూపించారు.

"తొండమేదండీ?" అన్నాను నేను.

"తొండమంటే?"

నేను వేళాకోళం ఆడుతున్నానేమో అన్నట్టు చూశారు. మర్నాడు ఆ గోడకి మళ్ళీ సున్నం కొట్టించేశారు.

ఇంకొకటి. పిలిస్తే పలుకుతున్నారు గానీ, చూస్తే నన్ను పోల్చుకోవడం లేదు. మొన్న పొద్దున్న కాఫీ ఇస్తే "మీరెవరండీ?" అన్నారు. పదిహేడేళ్ళ కాపురంలో నన్ను ఎప్పుడూ మీరు అనలేదు. "అదేటండీ" అనగానే "ఓ, నువ్వా తబితా" అని నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు.

నువ్వు చదివేది మాటలు పోయినవాళ్ళ చదువే కదా. నీకేమైనా తెలిస్తే రాయి.

అక్క
తబిత


మైసూరు
22 జులై 2003

అక్కా,

నీ ఉత్తరం చదివి రాత్రి మెస్సుకి కూడా వెళ్ళలేదు. వెళ్ళినా అదే తియ్య సాంబారు, పెద్దగా పోయిందేం లేదు.

బావకి జరిగింది మా పుస్తకాల్లో ఉంది. బొమ్మ చూడగానే మనకి పేరు ఎలా వస్తుందో ఎప్పుడైనా ఆలోచించావా? కాళ్ళు, తోక, కళ్ళు అన్నిటికీ ఉంటాయి. వాటిని చూసి ఏ పేరూ చెప్పలేం. తొండం ఏనుగుకే, మూపురం ఒంటెకే. ఒక్కదానికే ఉండే ఆ గుర్తు కంటబడగానే పేరు చటుక్కున నోటికొస్తుంది. మెదడు ఇవన్నీ దాచుకునే చోట దెబ్బ తగిలితే ముందు పోయేవి ఆ గుర్తులే. అందరికీ ఉన్నవి మిగులుతాయి. ముఖ్యంగా ప్రాణమున్నవాటి విషయంలో. అందుకే బావకి అన్నీ ఒకే జంతువు. మనుషుల మొహాలు కూడా అలాగే కలిసిపోతున్నట్టున్నాయి.

నలభై బొమ్మల కార్డులు పంపుతున్నాను. రోజూ రెండుసార్లు చూపించు. బావ ఏమన్నాడో, ఎన్ని సెకన్లు పట్టిందో రాసిపెట్టు. మొదటి వారం ఊరికే చూపించు. రెండో వారం నుంచి ప్రతి బొమ్మలోనూ ఆ ఒక్క గుర్తు మీద ఎర్ర పెన్సిల్‌తో గీసి చూపించు. తేడా తెలుస్తుంది.

ఒక్క మాట ఖచ్చితంగా గుర్తుపెట్టుకో. బావ ముందు నువ్వు మాట్లాడకు. మొహంతో కూడా ఏమీ చెప్పకు. నీ గొంతులో చిన్న ఆసరా దొరికినా లెక్కంతా పాడైపోతుంది.

నిన్ను పోల్చుకోవడానికి కూడా అదే పద్ధతి. నీకు తప్ప మీ వీధిలో ఇంకెవరికీ లేని గుర్తు ఒకటి ఎంచుకుని నేర్పించు.

నీ తమ్ముడు
శాంతి


అనకాపల్లి
9 ఆగస్టు 2003

తమ్ముడికి,

శ్రావణమాసం జాకెట్లు మీదపడ్డాయి. మిషను తొక్కి తొక్కి పిక్కలు పట్టేశాయి. అయినా నువ్వు చెప్పింది ఒక్కరోజు మానలేదు. కాయితాలు ఇందులో పెట్టాను.

మొదటి వారం నలభైలో పదమూడే చెప్పారు. అవీ సుత్తి, తాళంకప్ప, గొడుగు, నిచ్చెన లాంటివి. జంతువు ఏది చూపించినా "అదే" అన్నారు. ఎర్ర పెన్సిల్ పెట్టాక తొండానికి ఏనుగు వచ్చింది. చారలకి పులి వచ్చింది. నిన్నటికి ఇరవైరెండు.

నా గుర్తుకి కళ్ళజోడు ఎంచుకున్నాను. ఈ వీధి ఆడవాళ్ళలో నాకొక్కదానికే ఉంది, నీలం ఫ్రేము. నా ఫోటో ఒకటి కార్డులా అంటించి, కళ్ళజోడు చుట్టూ ఎర్ర గీత గీసి, కింద తబిత అని రాశాను. నాలుగు రోజుల్లో వచ్చేసింది. ఇప్పుడు నన్ను చూడగానే "తబిత" అంటున్నారు. మొదటిసారి అన్నప్పుడు వంటింట్లోకెళ్ళి ఏడ్చాను. కానీ, ఎలా చెప్పను, కార్డుల్లో సుత్తి పేరు చెప్పినట్టే చెబుతారు.

మాట్లాడకూడదన్న నియమం కష్టంగానే ఉంది. తినమని చేత్తోనే సైగ చేస్తున్నాను. ఈ పద్ధతి ఒకందుకు నయమే. కళ్ళజోడు ఉంది కాబట్టి, నేను కాఫీ ఇవ్వడం, ఆయన మీరెవరనడం, ఆ బాధ తప్పింది. రోజంతా నోరు కట్టుకున్నందుకు సాయంత్రం పెరట్లో గిన్నెలు తోముతూ పక్కింటి బుల్లమ్మతో గోడ మీంచి మాట్లాడుకుంటాను. ఆమె లేకపోతే పాటలు పాడుకుంటాను. అక్కడే నాకు ఊపిరాడుతుంది.

మొన్న జరిగింది చెబితే నవ్వుతావేమో. గిన్నెలు తోమి లోపలికొచ్చాను. నన్ను చూసి "తబిత" అన్నారు, మామూలుగానే. తర్వాత నా భుజం మీంచి వెనక్కి చూసి మెల్లగా, "తబిత పెరట్లో ఉంది," అన్నారు. ఎవరికీ వినబడకూడదన్నట్టు. నేను వెనక్కెళ్ళి చూశాను. పెరట్లో ఎవరూ లేరు. తడిసిన రాయి, బోర్లించిన బాల్చీ. అంతే.

అక్క


మైసూరు
17 ఆగస్టు 2003

అక్కా,

పదమూడు నుంచి ఇరవైరెండు! మా సార్‌కి చూపిస్తే కాయితాలు తనదగ్గరే ఉంచుకున్నారు. నా ప్రాజెక్టుకి ఇదే పెట్టుకోమన్నారు. నీ సెకన్ల లెక్క మా క్లాసులో ఎవరి లెక్కకన్నా శుభ్రంగా ఉంది.

నోరు కట్టుకున్నానన్న మాటకి నవ్వొచ్చింది. చిన్నప్పుడు ప్రార్థనలో కూడా నీ నోరు ఆగేది కాదు కదా.

పెరటి సంగతి పట్టించుకోకు. ఇలాంటి జబ్బులో ఒక మాటకి ఇంకో మాట వస్తుంది. పెరట్లో బట్టలున్నాయని చెప్పబోయి ఉంటాడు. ఇంకో ఆరు వారాలు ఇదే పద్ధతి, మార్చకు. సగంలో మారిస్తే మొత్తం వృథా.

శాంతి


అనకాపల్లి
6 సెప్టెంబరు 2003

శాంతీ,

నువ్వు చెప్పినట్టే ఏదీ మార్చలేదు. కార్డులు ఇరవైఎనిమిది దాకా వచ్చాయి. కానీ నాకు ఈ ఇంట్లో ఉండాలంటే భయంగా ఉంది.

సోమవారం సాయంత్రం అన్నం పెట్టి, నేను మిషను దగ్గర కూర్చున్నాను. ఆయన సగం తిని లేచారు. మిగతా సగం ఇంకో పళ్ళెంలో సర్ది, పైన మూత పెట్టి, పెరటి గుమ్మం దగ్గర ఉంచి వచ్చారు. ఎవరికని సైగ చేశాను. నావైపు చూసి, దొంగతనం బయటపడ్డవాడిలా తల దించుకున్నారు. మర్నాడూ అదే పని. మూడోరోజు పళ్ళెం పక్కన నా పాత శాలువా మడతపెట్టి ఉంది. వాన పడుతోంది కదా.

బుల్లమ్మతో చెప్పాను. ఆమె గోడ అవతలే ఆగిపోయింది. "తబితమ్మా, నువ్వు లోపలికెల్లిపోయేక మీ ఆయన తలుపు సందులోంచి ఎవలితోనో మాటాడతన్నాడమ్మా. 'సలేత్తందా? లోపలికి రాలేవా?' అంటన్నాడు. నేను సెవులారా ఇన్నాను. ఉప్మాక ఎంకన్నకి మొక్కుకో. మీ వోళ్ళకి కాదంటే మీ పాస్టరు గారినైనా పిలు," అంది. ఆ రోజు నుంచి చీకటి పడితే గోడ దగ్గరికి రావడం మానేసింది.

పాస్టరు గారు వచ్చి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మీ బావ బుద్ధిగా కళ్ళు మూసుకున్నారు. అయిపోయాక పాస్టరు గారి చెవిలో ఏదో అన్నారు. "ఆవిడకి కూడా చెయ్యండి, బయటుంది" అన్నారట. పాస్టరు గారు చెప్పులేసుకునేటప్పుడు నా మొహంలోకి చూడలేదు.

నిన్న నేను జాకెట్లు ఇచ్చి వచ్చేసరికి ముందుగది గోడమీద బొమ్మ వేశారు. ఆడమనిషి, నిలువెత్తు. నా చీరే, నా జడే. నీలం కళ్ళజోడు ఎంత బాగా వచ్చిందంటే అద్దంలో కిటికీ వెలుతురు కూడా ఉంది. చెవులు, ముక్కు, చేతివేళ్ళు అన్నీ సరిగ్గా ఉన్నాయి. నోరు లేదు. ముక్కు కింద నుంచి గడ్డం దాకా చర్మం నున్నగా సాగి ఉంది. మరిచిపోయారేమోనని బ్రష్షు చేతికిచ్చి ఆ చోటు చూపించాను. అద్దం మీద ఇంకో మెరుపు పెట్టి, బ్రష్షు కడిగేసుకున్నారు.

నేను మిషను కుడుతుంటే ఆ బొమ్మ నా వెనకుంటుంది. ఇప్పుడు ఏ చప్పుడైనా నేను కూడా పెరటివైపు చూస్తున్నాను. పొద్దుటికి మూత పక్కన పడి, పళ్ళెంలో అన్నం ఉండటం లేదు. పిల్లో కాకో తింటుందని నాకు తెలుసు. తెలిసినా ఆ పళ్ళెం ముట్టుకోవడానికి చెయ్యి రావడం లేదు.

అక్క


మైసూరు
13 సెప్టెంబరు 2003

అక్కా,

నువ్వు సరిగ్గా నిద్రపోవడం లేదని ఉత్తరంలోనే తెలుస్తోంది. పళ్ళెం సంగతి పిల్లికి వదిలెయ్యి.

ఆ బొమ్మ మాత్రం నన్ను వదలడం లేదు. బావ బొమ్మల్లో పోయేది ఒక్కరికే ఉండేది, మిగిలేది అందరికీ ఉండేది. ఇందులో తలకిందులైంది. నీ కళ్ళజోడు మిగిలింది, అందరికీ ఉండే నోరు పోయింది. నాకు అర్థం కాలేదు. సార్‌కీ అర్థం కాలేదు.

కళ్ళజోడే నువ్వు అనుకుంటున్నాడేమో తెలియాలి. ఒక్కరోజు అది తీసేసి బయటికెళ్ళి, తిరిగి రా. ఏమంటాడో మాట తప్పకుండా రాయి.

శాంతి


అనకాపల్లి
24 సెప్టెంబరు 2003

శాంతీ,

ఏమన్నారో రాస్తున్నాను. కూర్చుని చదువు.

నిన్న మధ్యాహ్నం కళ్ళజోడు సంచిలో వేసుకుని బెల్లం మార్కెట్టు దాకా నడిచి వచ్చాను. వీధరుగు మీద ఆయన నిలబడి ఉన్నారు. నన్ను చూసి పక్కకి జరగలేదు. చెయ్యి గుమ్మానికి అడ్డంగా పెట్టారు.

"జాకెట్టు కోసం వచ్చేరా? తబిత లేదండీ. దాని గొంతు వినబడ్డం లేదు."

నేను నియమం ప్రకారం ఊరుకున్నాను. లోపలికి అడుగువెయ్యబోతే, "వద్దండీ, లోపలికెల్లకండి. ఇంట్లో ఇంకొకావిడ ఉంటాది," అన్నారు.

"ఎవరావిడ?" నోరు జారిపోయింది.

ఆయన ఉలిక్కిపడ్డారు. నన్ను కాదు, నా వెనక వీధంతా చూశారు, ఎవరో నా వెనక నిలబడి పిలిచినట్టు. తర్వాత అన్నారు: "మీ గొంతు మా తబిత గొంతులాగుంది."

నేను అరుగు మీద కూర్చుండిపోయాను. ఆయన కాస్త దూరంగా కూర్చున్నారు, పరాయి ఆడవాళ్ళ దగ్గర కూర్చున్నట్టు.

"ఎవరండీ ఆవిడ?" మళ్ళీ అడిగాను.

గొంతు తగ్గించేశారు. "తెల్దండీ. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్నాళ్ళకి వచ్చింది. కళ్ళజోడెట్టుకుంటాది. నోరిప్పదు. బొమ్మలు సూపించి పేర్లు సెప్పమంటాది. తన బొమ్మ కూడా సూపిత్తాది. తబిత అనాలి. అంటన్నాను. అనకపోతే ఏటి సేత్తాదో తెల్దు కదా. మనిషి సెడ్డది కాదు, అన్నం పెడతాది. కానీ మా తబితని లోపలికి రానివ్వడం లేదు. అది పెరట్లోనే ఉండిపోయింది. సాయంకాలం మాటాడతాది, పాటలు పాడతాది. నేను తలుపు తీసేసరికి ఈవిడే నిలబడుంటాది."

నేను తల తిప్పి తెరిచున్న గుమ్మంలోంచి మా ఇంట్లోకి చూశాను. పట్టపగలు, వీధిలో రిక్షాలు తిరుగుతుండగా.

"నేనే తబితనండీ," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి తల అడ్డంగా ఊపారు. తర్వాత ఏమనిపించిందో, కళ్ళు మూసుకున్నారు. "మళ్ళీ అను."

"నేనే. తబితనే. మీ పక్కనే ఉన్నాను."

శాంతీ, ఆయన మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. కళ్ళు తెరవకుండానే నా చెయ్యి పట్టుకున్నారు. "ఇన్నాళ్ళూ వానలో ఉండిపోయేవే," అన్నారు. నా చెయ్యి పట్టుకునే లోపలికి నడిచారు. ఒక్కో గది దగ్గరా ఆగి, "ఉందా?" అని అడిగారు. "లేదండీ," అన్నాను. వంటిల్లు కూడా చూడమన్నారు. "లేదండీ, ఎవరూ లేరు," అన్నాను. అప్పుడు కళ్ళు తెరిచారు.

నన్ను మాట్లాడొద్దన్నది నువ్వే. రెండు నెలలు నా ఇంట్లో నేను మూగదాన్నయ్యాను. నీ లెక్క పాడు కాలేదులే, సంతోషించు.

తబిత


మైసూరు
1 అక్టోబరు 2003

అక్కా,

కార్డు చూపించే ఆ కాసేపే మాట్లాడొద్దన్నాను. రోజంతా అనలేదు. కానీ నేను రాసిన ఉత్తరం నకలు తీసి చూసుకున్నాను. "బావ ముందు నువ్వు మాట్లాడకు" అనే ఉంది. కార్డు అన్న మాట ఆ వాక్యంలో లేదు. నువ్వు నోరు కట్టుకున్నానంటే నేను నవ్వాను.

నీ మొదటి ఉత్తరంలోనే ఉంది, పిలిస్తే పలుకుతున్నారు గానీ చూస్తే పోల్చుకోవడం లేదని. నేను చూస్తే అన్న దగ్గరే ఆగిపోయాను. నీ గొంతే నీ గుర్తు. దాన్ని తీసేసి బదులుగా కళ్ళజోడు పెట్టించింది నేను. ఆ బొమ్మకి నోరు ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది. బావ చూసిన మనిషిని చూసినట్టే వేశాడు.

ప్రాజెక్టుకి వేరే విషయం తీసుకున్నాను. సార్ కోప్పడ్డారు. నువ్వు మాట్లాడు అక్కా. ఆపకుండా మాట్లాడు. నన్ను తిట్టడానికైనా సరే.

శాంతి


అనకాపల్లి
7 డిసెంబరు 2003

తమ్ముడికి,

నిన్ను తిట్టడం అక్టోబరులోనే అయిపోయింది. ఆలస్యంగా రాస్తున్నానని వేరేగా అనుకోకు.

ఇల్లు ఇప్పుడు రైల్వే ప్లాట్‌ఫారంలా ఉంది. లేచిన దగ్గర్నుంచి మాట్లాడుతూనే ఉంటాను. కూర తరుగుతూ ఆ కూర పేరు, పేపర్లో వార్తలు, కొలతలకొచ్చినవాళ్ళ సంగతులు. కార్డులు కూడా గొంతుతోనే చెబుతున్నాను. "పొడుగు మెడండీ, ఇది దానికొక్కదానికే" అంటే జిరాఫీ అంటున్నారు. జంతువుల బొమ్మల పని ఒప్పుకోవడం లేదు. అక్షరాల పని వస్తోంది. క్రిస్మస్‌కి చర్చి బోర్డు ఆయనే రాశారు. గోడమీద బొమ్మకి సున్నం కొట్టేశాం. ఒక పూత సరిపోలేదు, కళ్ళజోడు రెండుసార్లు పైకి తేలింది. కళ్ళజోడు మిషను దగ్గర, ఆయన లేనప్పుడే పెట్టుకుంటున్నాను. పెరట్లో పళ్ళెం పెట్టడం మానేశారు.

ఇప్పుడు ఇది రాయడానికి కారణం. మంచుకి జలుబు చేసి, మొన్న పొద్దున్న లేచేసరికి నా గొంతు పూర్తిగా పోయింది. గాలి తప్ప అక్షరం రాలేదు. ఆయన లేచి నన్ను చూశారు. చాలాసేపు చూశారు. పలక తీసి "నేను తబితని, గొంతు పోయింది" అని రాసి చూపించాను. పైకి తప్పు లేకుండా చదివారు.

"అక్షరాలు బాగున్నాయండీ," అన్నారు. "ఇదివరకు ఇంట్లో ఉన్నావిడ కూడా ఇలాగే రాసి సూపించేది."

నేను పలక పక్కన పెట్టేశాను. భయపడతారేమోనని గుమ్మం బయటికి వెళ్ళి నిలబడ్డాను. ఆయనే లోపల్నుంచి స్టూలు తెచ్చి వేశారు. గ్లాసుతో నీళ్ళిచ్చారు.

"మీరు మాటాడలేరా? పర్లేదు, కూకోండి. తబిత ఎక్కడికో ఎల్లినట్టుంది, వచ్చేత్తాది. దానికి మాటలెక్కువ. మీ వంతు కూడా అదే మాటాడేత్తాది."

అని, నా పక్కనే అరుగు మీద కూర్చుని గేటువైపు చూస్తూ ఉండిపోయారు. నేనూ కూర్చున్నాను. నిన్నా అలాగే. ఈ రోజూ అలాగే. గొంతు ఇంకా రాలేదు. డాక్టరు నాలుగైదు రోజులు పడుతుందన్నాడు, కంగారు లేదు.

ఎండ మీదికొచ్చేదాకా ఇద్దరం నా కోసం ఎదురుచూస్తున్నాం శాంతీ. గేటు చప్పుడైనప్పుడల్లా ఆయనతో పాటు నేనూ తలెత్తి చూస్తున్నాను.

అక్క